కెప్టెన్ వాంగ్మూలం

పెటోని స్టేషన్ దాటి రెండు నిమిషాలైనా కాకముందే రైలు సముద్రం పక్కన ఆగిపోయింది. ఆగినందుకు జోసఫిన్‌కి ప్రాణం లేచొచ్చింది, లేచొచ్చినందుకు వెంటనే సిగ్గేసింది. గాలికి ఏదో ముందున్న పట్టాల మీద అడ్డం పడిందట, తీసేదాకా ఓపిక పట్టాలట, డ్రైవరు మైకులో ఎంతో మర్యాదగా చెప్పాడు. తొమ్మిదీ పది. పది గంటలకు వెల్లింగ్టన్‌లో మీటింగు. ఓపికకేం భాగ్యం, సాయంత్రం దాకా ఇక్కడే నిలబెట్టినా ఆమె నోరెత్తదు, రేపటిదాకా నిలబెడితే ఇంకా మంచిది. ఒళ్లో సంచి, సంచిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక్క కాగితం. కాగితం అడుగున ఒక గీత ఉంది, ఆ గీత మీద అందరి ముందూ సంతకం పెట్టాలి. పైనున్న పదకొండు వరసల్లో పది నిజమే. పదకొండోది చూడకూడదని రాత్రే ఒట్టు పెట్టుకుంది, అయినా పుండు మీదికి వేలు పోయినట్టు కళ్లు అక్కడికే పోతున్నాయి. నివాసికి ఇంగ్లీషులో చెప్పిన సూచనలు అర్థం కాలేదు, బయటికి రావడానికి ఆయన ఒప్పుకోలేదు. ఎంత నున్నగా ఉందో వాక్యం. ఎక్కడా ఒక్క గరుకు లేదు, ఒక్క మనిషి కూడా లేడు. నిరుపమ రాసింది మరి, జోసఫిన్ పనిచేసే వృద్ధుల హోముకి మేనేజరుగా నాలుగేళ్ల నుంచి ఇలాంటివి రాస్తోంది, చేయి తిరిగిపోయింది.

కిటికీ అవతల నీళ్లు బూడిద రంగులో ఎగిరెగిరి రాళ్ల మీద పడుతున్నాయి. ఎదుటి సీట్లో కుర్రపిల్ల ఫోన్లోంచి తలెత్తి ఒకసారి నీళ్లను చూసి మళ్లీ తల దించుకుంది. మొదటిసారి రైలు వచ్చినప్పుడు మా వాళ్లు చెప్పులు ప్లాట్‌ఫాం మీద విప్పి ఎక్కారమ్మా, ఇంట్లోకి అడుగు పెడుతున్నట్టు, దిగాక చూసుకుంటే చెప్పులు లేవు, అవి యాభై మైళ్లు వెనకాల ఉన్నాయి. ఈ మాట అన్నది హోములో ఐదో గది ఒకుదా తాతగారు. యాభై మైళ్లు కాదేమో, ఇరవై ఏమో, అంకెలు ఆమెకి ఎప్పుడూ నిలవవు, నవ్వు మాత్రం నిలిచింది. ఆ పూట గడ్డం మీద సబ్బు నురగతో ఆయన నవ్వుతుంటే రేజరు తగులుతుందని ఆమె భయపడింది. వకయామ అనే ఊళ్లో ముప్పై ఏడేళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. భార్య పోయాక కూతురు మిచికో లోవర్ హట్ తీసుకొచ్చేసింది, డెబ్బై ఆరేళ్ల వయసులో లైబ్రరీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఇప్పుడు ఎనభై ఎనిమిది. మాట నెమ్మది, కానీ ప్రతి వాక్యానికీ మొదలూ చివరా ఉంటాయి. జోసఫిన్ ఇంగ్లీషులా సగంలో తెగిపోదు. మూడేళ్లుగా పొద్దున్నే గడ్డం గీసేటప్పుడు ఆమెకి జపాను పాఠమే. సమురాయిలను జుట్టు ముడి కత్తిరించుకోవచ్చన్నారు, కొన్నాళ్లకు కత్తులు కూడా కట్టుకు తిరగొద్దన్నారు, కత్తి లేని నడుము తేలిగ్గా ఉంటుంది కదా, ఆ తేలికకే ఏడ్చినవాళ్లు ఉండి ఉంటారు అనేవారు. నూట యాభై ఏళ్ల కిందటి మాట నిన్న సంతలో చూసొచ్చినట్టు చెప్పేవారు. నరసాపురం మిషన్ స్కూల్లో చరిత్ర క్లాసులో నిద్రపోయిన జోసఫిన్, నలభై రెండేళ్లు వచ్చాక, ఒక ముసలాయన గడ్డం పట్టుకుని చరిత్ర విన్నది.

ఓడ సంగతి కూడా అలాగే విన్నది. వినకుండా ఉంటే ఎంత బాగుండేది. పద్దెనిమిది వందల ఎనభై ఆరు అక్టోబరు, నార్మంటన్ అనే ఇంగ్లీషు వాళ్ల సరుకుల ఓడ, యొకహామా నుంచి కోబేకి పోతూ మా తీరం పక్కనే తుఫానులో మునిగింది, అని ఆయన వేలితో గాలిలో తీరం గీశారు. కెప్టెనూ తెల్ల నావికులూ పడవలెక్కి బతికారు. జపాను ప్రయాణికులు ఇరవై ఐదు మంది, ఒక్కరు మిగల్లేదు. ఒక్కరంటే ఒక్కరు. ఎలాగండీ తాతగారూ, ఆళ్లని పిలవలేదా? అని ఆమె అడిగింది, అడగకపోతే ఏం పోయేదో. పిలిచానన్నాడమ్మా కెప్టెను, కోర్టులో అదే చెప్పాడు, పడవల్లోకి రమ్మన్నాను, వాళ్లకు ఇంగ్లీషు అర్థం కాలేదు, రాలేదు. ఆ కోర్టు మాత్రం ఎవరిది? అప్పట్లో తెల్లవాళ్లు జపానులో తప్పు చేస్తే జపాను కోర్టు అడగడానికి లేదు, ఆ ఊళ్లో ఉండే వాళ్ల దేశ ప్రతినిధి, కాన్సులు, వాళ్లని విచారించుకోవాలి, ఒప్పందాలు అలాంటివి. మనవాడే కదా, తప్పేం లేదు పొమ్మన్నారు. దేశమంతా అట్టుడికిపోయాక మళ్లీ విచారించి మూడు నెలలు జైలు వేశారు, చచ్చిన ఇళ్లకు మాత్రం పైసా లేదు. ఇంతవరకూ చెప్పి ఆయన తువ్వాలుతో నురగ తుడుచుకుని ఆమె ముఖంలోకి చూసి, బొగ్గు వేసే ఇండియన్లు కూడా పోయారు ఆ ఓడలో, అన్నారు. మేం చదివిన పాఠంలో మా ఇరవై ఐదు మందే ఉన్నారు. మీ వాళ్లు లేరు. నేను పిల్లలకు చెప్పేటప్పుడు కలిపి చెప్పేవాణ్ని, కానీ పేర్లు తెలియవు, పేర్లు లేకుండా చెబితే పిల్లలు మర్చిపోతారు. ఆ పూట జోసఫిన్ ఆ కెప్టెన్ని నోటికొచ్చినట్టు తిట్టింది, తెలుగులోనే తిట్టింది. తాతగారికి మాట తెలియకపోయినా సంగతి తెలిసి నవ్వారు. ఎంత ధైర్యంగా తిట్టింది. నోరు అంత పెద్దది.

మైకులో మళ్లీ డ్రైవరు. ఇంకో పది నిమిషాలట. నిరుపమ నుంచి మెసేజీ, ఎక్కడున్నవ్, అందరు వచ్చిన్రు. రైలు ఆగింది అని ఆమె జవాబు కొట్టింది. చాలా రోజుల తర్వాత ఆమె కొట్టిన నిజమైన వాక్యం అదొక్కటే. మంగళవారం మధ్యాహ్నం రెండు నలభైకి హోము లాండ్రీలో డ్రయ్యరు అంటుకుంది, మూడు వారాలైంది. తూర్పు వైపు ఐదు గదులూ, వాటిలో ఐదుగురూ ఆమె బాధ్యత. ప్రతి గది తలుపు మీదా చేతివేలంత ట్యాగ్ ఉంటుంది, ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఆకుపచ్చ. గది ఖాళీ చేసి, లోపలంతా చూసి, తలుపు మూసి, అప్పుడు ఆకుపచ్చ తిప్పాలి. అది చూసి ఫైర్ వాళ్లు ఆ గది తలుపు తియ్యరు, తియ్యాల్సిన పని లేదు కనుక. ఇంత చిన్న సంగతి. కానీ మూడు నెలలకోసారి ఉత్తుత్తి అలారం కొట్టి ప్రాక్టీసు పెడతారు, ఎవరి వరస ఎన్ని నిమిషాల్లో ఖాళీ అయిందో స్టాఫ్ రూములో బోర్డు మీద రాస్తారు. ముందే ఐదు ట్యాగులూ టకటకా తిప్పేసి తర్వాత మనుషుల్ని తీసుకుపోతే నలభై సెకన్లు కలిసొస్తాయని కనిపెట్టింది జోసఫినే. మూడు నిమిషాల నలభై సెకన్లు, అందరికంటే ముందు. చాక్లెట్ డబ్బా ఇచ్చారు, ఆ డబ్బా ఇంట్లో పెట్టి మీ అమ్మంటే ఏంటనుకున్నారు అని మురిసిపోయింది. ఆ మంగళవారం నిజం పొగ వచ్చినప్పుడు చేతులు వాటంతటవే వెళ్లి ఐదూ తిప్పేశాయి. తర్వాత నలుగుర్ని తీసుకొచ్చింది, ఇద్దరు నడిచారు, ఇద్దర్ని కుర్చీల్లో తోసింది. ఐదో గది గడప దాకా మనసు వెళ్తుంది, వెళ్లి వెనక్కి తిరుగుతుంది. కార్ పార్కులో ఫైర్ ఆయన, నీ ఐదుగురూ వచ్చేశారా, తలుపులన్నీ ఆకుపచ్చే చూశాను, అన్నాడు. లేదు అంటే ట్యాగ్ ఎందుకు తిప్పావు అంటాడు. చుట్టూ అందరూ ఉన్నారు. ఆమె, ఆ, అంది. అతను అటు తిరగగానే పక్క తలుపులోంచి దూరి తీసుకొచ్చేద్దామనుకుంది, ఎవరికీ తెలియకుండా. తిరిగేలోపు తాడు కట్టేశారు, లోపలికి ఎవరూ వెళ్లడానికి లేదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. పన్నెండు నిమిషాలు ఆమె ఆ కార్ పార్కులో ఒక ముసలావిడ భుజాల మీద దుప్పటి సర్దుతూ నిలబడింది. సర్దిన దుప్పటే సర్దింది. చివరికి తోట వైపు వెళ్లిన ఒకతను కిటికీలోంచి చూసి కేక పెట్టాడు.

ఆయన బతికారు. పొగ మింగి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, కానీ బతికారు. అందుకే కదా కిందటి ఆదివారం లోవర్ హట్ తెలుగు కూటంలో, కమ్యూనిటీ హాలులో, ముప్పై కుటుంబాల ముందు లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. అగ్నిలోంచి దేవుడు మమ్మల్ని తప్పించాడండి, ఒక్కరు కూడా నశించలేదండి, నా చేతుల్తో నలుగుర్ని మోయించాడండి. స్తోత్రం అన్నారు అందరూ. పాస్టరు గారి భార్య కళ్లు తుడుచుకుంది. చెప్పమని ఎవరూ బలవంతం చేయలేదు, తనంతట తనే చెయ్యెత్తింది, ఎందుకెత్తిందో ఇప్పటికీ అర్థం కాదు, అందరూ స్తోత్రం అంటే అది నిజమైపోతుందనుకుందేమో. వెనక్కొచ్చి కూర్చుంటే పక్కన షాలెం, పదహారేళ్ల కూతురు, ఇంగ్లీషులో మెల్లిగా, ఐదుగురు కదమ్మా నీకు, నలుగురన్నావేం, అంది. తెలుగు రాదనుకుంటాం కానీ లెక్కలన్నీ అర్థమవుతాయి దానికి. ఆరేళ్ల పిల్లను ఓడెక్కించి అమెరికా పంపారమ్మా మా వాళ్లు, చదువు నేర్చుకు రమ్మని, పదకొండేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి సొంత భాష మర్చిపోయింది, అని తాతగారే చెప్పారు. షాలెంని తలుచుకుని ఆమె ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంటే, అమ్మాయి భాష మర్చిపోయింది కానీ చూడ్డం మర్చిపోలేదు కదా, అని ఊరడించారు. చూడ్డం మర్చిపోలేదు. హాలంతా స్తోత్రం అంటుంటే షాలెం తల్లిని చూస్తూనే ఉంది. జోసఫిన్ పాటల పుస్తకంలో లేని పాట కోసం వెతుకుతూ కూర్చుంది.

ఆ పదకొండో వరస రాసిన రోజు నిరుపమ ఆఫీసు తలుపు మూసి, "నువ్వు ఫికర్ చెయ్యకు జోసఫిన్. మనోళ్లని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తరు చెప్పు? నీ రెసిడెన్సీ ఫైలు నడుస్తున్నది, ఇప్పుడు ఇసుంటి మచ్చ వడితే అయిపోయినట్టే. ముసలాయన ఎట్లాగూ జపానోడు, భాష రాలేదంటే ఎవరడుగుతరు?" అంది. మనిషి మంచిదే. చలికాలం తన హీటరు ఇచ్చిన మనిషి, భర్త రెజినాల్డ్‌కి ఒంట్లో బాగాలేనప్పుడు వారం రోజులు కూర చేసి పంపిన మనిషి. ఆ కాన్సులు కూడా మంచివాడే అయి ఉంటాడు, తనవాళ్లకు. జోసఫిన్ ఏం చెప్పింది ఆ పూట? థాంక్సక్కా అంది. కెప్టెన్ని తిట్టిన ఆ తిట్లలో ఒకటైనా అప్పుడు గుర్తు రాలేదు, ఆ నోరే థాంక్సక్కా అంది.

మర్నాడు ఆసుపత్రిలో, మంచానికి అటు మిచికో, ఇటు తను, కాళ్ల దగ్గర నిరుపమ నిలబడి ఆ వాక్యాన్ని చదివింది. మిచికో, నాన్నకు ఇంగ్లీషు రాకపోవడమేంటి, అని ఏదో అనబోయింది. ఆక్సిజన్ గొట్టం పైనుంచి తాతగారి కళ్లు జోసఫిన్ వైపు తిరిగాయి. ఎంతసేపు చూశారో. కోపం ఉంటే బాగుండేది. తర్వాత కూతురితో జపాను భాషలో రెండు ముక్కలు అన్నారు, అంతే. ఆ రోజు నుంచి ఇంగ్లీషు లేదు. డాక్టరు అడిగినా, టీ తెచ్చిన పిల్ల అడిగినా, హోముకి తిరిగొచ్చాక గడ్డం గీస్తూ ఆమె అడిగినా, తల అడ్డంగా ఊపి జపాను భాషలో ఏదో అని ఊరుకుంటారు. పొగకు మెదడేమైనా దెబ్బతిందేమో అని మిచికో ఏడ్చింది. దెబ్బతినలేదని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. గీస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. తనకు తానుగా ఆ ఓడలోకి దిగి కూర్చున్నారాయన, ఆ కెప్టెను చెప్పినట్టే. ఇండియన్ల పేర్లు తెలియలేదన్న బాధ ఇన్నాళ్లూ మోసి ఇప్పుడు జోసఫిన్ పేరు కాపాడుతున్నారా? అడిగే ముఖం లేదు. సూచనలు అర్థం కాని మనిషిని మామూలు వరసలో ఉంచడం ప్రమాదం అని హెడ్డాఫీసు తేల్చింది, సోమవారం నుంచి తాళం వేసే వార్డుకి మారుస్తారు. అక్కడ కిటికీలు తెరుచుకోవు. రేజరు ఇవ్వరు, పుస్తకం ఇస్తే చింపుతారు పక్కవాళ్లు, పేరు మర్చిపోయిన మనుషుల మధ్య అన్నీ గుర్తున్న మనిషి కూర్చోవాలి, పోయేదాకా. అందుకే ఇవాళ్టి మీటింగు. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

రైలు ఒకసారి కదిలి మళ్లీ ఆగింది. ఆ కుదుపులో ఏం జారిందో, మనసు గడప దాటి ఐదో గదిలోకి వెళ్లిపోయింది. తాతగారు వాష్ బేసిన్ దగ్గర ఉన్నారు. నోట్లో కట్టుడు పళ్లు లేవు. చెయ్యెత్తి, ఇంగ్లీషులోనే, ఒక్క నిమిషం అమ్మా, నా పళ్లు, అన్నారు. పళ్లు లేకుండా నలుగురి ముందుకు ఆయన ఎప్పుడూ రారు, ఆమెకి తెలుసు, ఆమె తప్ప ఎవరూ ఆయన్ని అలా చూడలేదు. పొగ అప్పటికింకా పలచగా ఉంది. సరే, మంచం మీద కూర్చోండి, ఇక్కడే ఉండండి, రెండు నిమిషాల్లో వచ్చి తీసుకెళ్తాను, అంది. అని పొగ రాకుండా తలుపు మూసింది. ఆకుపచ్చ తలుపు. కిటికీలోంచి చూసినతను తర్వాత అందరికీ చెప్పాడు, ముసలాయన పళ్లు పెట్టుకుని, టోపీ పెట్టుకుని, కోటు గుండీలు పెట్టుకుని, మంచం అంచున చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడట, తలుపు వైపే చూస్తూ. తలుపు తీసుకుని నడిచి వచ్చేయగలిగిన మనిషి. అప్పటికి కాళ్లు బాగానే ఉన్నాయి. ఎందుకు రాలేదు? అర్థం కాకా? దేవుడా, జోసఫిన్ సంచిలో ముఖం పెట్టుకుంది. ఎదుటి సీట్లో పిల్ల, మీకు బాగానే ఉందా, అని అడిగింది. బాగానే ఉంది అని చెప్పింది. అదీ అబద్ధమే.

వెల్లింగ్టన్‌లో దిగేసరికి పది దాటి ఏడు నిమిషాలు. గాలివానకి గొడుగు పనికిరాదు, తడుస్తూనే పరిగెత్తింది. ఎవరు తరుముతున్నారని? నాలుగో అంతస్తులో గది. పొడవాటి బల్ల, ఒక చివర హెడ్డాఫీసు ఆయన, పక్కన నిరుపమ, ఆవిడ ముందు ఇంకో కాపీ, కలం కూడా. ఎదురుగా మిచికో. మిచికో పక్కన చక్రాల కుర్చీలో తాతగారు. ఆయన వస్తారని ఎవరూ చెప్పలేదు. తడి జుట్టుతో తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడిపోయింది. నిరుపమ కళ్లతోనే కూర్చో అంది. హెడ్డాఫీసు ఆయన గొంతు సర్దుకుని పదకొండు వరసలూ చదివాడు, చివరి వరస కూడా, వాతావరణం చదివినట్టు. మిస్టర్ ఒకుదా, జరిగింది ఇదేనా, అని అడిగాడు. మిచికో తండ్రి చెవి దగ్గర వంగి జపాను భాషలో చెప్పింది. ఆయన బల్లనే చూస్తూ జవాబు చెప్పారు. మిచికో తలెత్తి, "నాన్న ఇదే నిజమంటున్నారు. ఆవిడ వచ్చి పిలిచిందట, నాన్నకే అర్థం కాలేదట. ఆవిడ తప్పేం లేదంటున్నారు" అంది.

నిరుపమ కలం బల్ల మీద ఇటు జరిపింది. జోసఫిన్ అందుకుంది కూడా. మూత తీసింది. ఆ క్షణంలో సంతకం పెట్టేసేదే, పెట్టకుండా ఆపిన గొప్పతనమేదీ ఆమెలో లేదు. ఆయన చేతులు కనిపించాయి, అంతే. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు కూర్చుని ఉన్నారు.

"అబద్ధమండి," అంది తెలుగులో. గదిలో అది అర్థమైంది ఒక్క నిరుపమకే, ఆవిడ ముఖం తెల్లబోయింది. జోసఫిన్ మళ్లీ ఇంగ్లీషులో మొదలుపెట్టింది, ఎప్పటిలాగే వాక్యాలు సగంలో తెగాయి, తెగిన చోటల్లా మళ్లీ అందుకుంది. గది ఖాళీ చెయ్యకుండా ట్యాగ్ తిప్పింది నేను. ఐదుగురూ వచ్చారని చెప్పింది నేను. లోపల ఉన్నారని తెలిసి పన్నెండు నిమిషాలు నోరు మూసుకుంది నేను. ఈ వాక్యం నేను రాయలేదు కానీ రాయనిచ్చాను. ఆయనకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. ఆ రోజు నేను చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. కూర్చోండి, ఇక్కడే ఉండండి, వస్తాను అన్నాను. అందుకే కూర్చున్నారు.

మిచికో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తాతగారు మొదటిసారి బల్ల మీంచి కళ్లెత్తి, దాదాపు మూడు వారాల తర్వాత, నెమ్మదిగా, మొదలూ చివరా ఉన్న ఇంగ్లీషులో అన్నారు.

"చాలాసేపు ఎదురుచూశాను, జోసఫిన్."